కొలంబో, ట్రింకోమలీ రాడార్ కేంద్రాలు (1942)

కొలంబో, ట్రింకోమలీ రాడార్ కేంద్రాలు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషు వైమానిక దళం సిలోను (నేటి శ్రీలంక) తీరంలో నెలకొల్పిన శత్రు విమాన హెచ్చరిక కేంద్రాలు. 1942 ఏప్రిల్‌లో జపాను నౌకాదళం బంగాళాఖాతంలో ప్రవేశించి కొలంబో, విశాఖపట్నం, కాకినాడ, ట్రింకోమలీ రేవులపై ఐదు రోజుల వ్యవధిలో దాడి చేసింది. యంత్రం ఉన్నంత మాత్రాన హెచ్చరిక అందదని కొలంబోలోను, అందితే ఎంత తేడా ఉంటుందో ట్రింకోమలీలోను ఈ దాడులలో తెలిసివచ్చింది.

పేరు, పనితీరు

ఈ కేంద్రాలను దస్తావేజులలో రాడార్ అని పిలవలేదు. రహస్యం కాపాడేందుకు ప్రతి కేంద్రాన్నీ "ఎయిర్ మినిస్ట్రీ ఎక్స్‌పెరిమెంటల్ స్టేషన్" అని, పొట్టిగా ఎ.ఎం.ఇ.ఎస్. అని వ్యవహరించి ఒక సంఖ్య ఇచ్చేవారు. కొలంబో కేంద్రం సంఖ్య 254, ట్రింకోమలీది 272. "రాడార్" అన్న మాట 1940లో అమెరికా నౌకాదళంలో పుట్టింది.

1935 ఫిబ్రవరి 26న ఇంగ్లాండులోని డావెంట్రీ వద్ద రాబర్ట్ వాట్సన్-వాట్, ఆర్నాల్డ్ విల్కిన్స్ జరిపిన ప్రయోగం ఈ విధానానికి మూలం. కేంద్రం నుండి వెలువడిన రేడియో తరంగం విమానాన్ని తాకి ప్రతిధ్వనిలా వెనుదిరుగుతుంది. 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న విమానాన్ని తాకి తిరిగి రావడానికి దానికి పట్టేది సెకనులో వెయ్యో వంతు మాత్రమే. ఆ వ్యవధిని బట్టి దూరాన్ని లెక్కిస్తారు. అయితే తెర మీద కనిపించే గీతను చూసే మనిషి, ఆ సమాచారం టెలిఫోనులో అందుకునే గది, అక్కడి నుండి ఆజ్ఞ పొందే విమానాశ్రయం, ఈ మూడింటిలో ఏది తప్పినా యంత్రం వృథాయే.

కొలంబో

కొలంబో కేంద్రం 1942 మార్చి నెలాఖరుకు పని ప్రారంభించింది. ఏప్రిల్ 4న కెనడా వైమానికుడు లెనార్డ్ బిర్చల్ కాటలీనా విమానంలో గస్తీ తిరుగుతూ నగుమో నాయకత్వంలోని జపాను నౌకాదళాన్ని చూసి వార్త పంపాడు. ఆ వెంటనే అతని విమానాన్ని కూల్చి, అతన్ని బందీగా పట్టుకున్నారు. కాబట్టి దాడి జరగనున్నదని కొలంబోకు ముందురోజే తెలుసు. రేవులోని ఓడలలో చాలావాటిని బయటికి పంపివేశారు.

మరునాడు ఈస్టరు ఆదివారం. ఉదయం ఏడున్నర ప్రాంతంలో సుమారు 125 జపాను విమానాలు నగరం మీదికి వచ్చాయి. రాడార్ నుండి ఏ హెచ్చరికా రాలేదు. ఉదయపు సిబ్బంది మారే వేళ కావడం ఇందుకు సాధారణంగా చెప్పే కారణం. రత్మలానా విమానాశ్రయంలోని హరికేన్ చోదకులు శత్రు విమానాలను తలెత్తి చూసిన తరువాతనే పైకి లేవవలసి వచ్చింది. అటుగా వస్తున్న ఆరు స్వోర్డ్‌ఫిష్ విమానాలు కూలిపోయాయి. రేవులో టెనెడోస్, హెక్టర్ నౌకలు దెబ్బతిని మునిగాయి. అదే రోజు సముద్రంలో కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ యుద్ధనౌకలు మునిగి 424 మంది మరణించారు.

ఆంధ్ర తీరం

ఏప్రిల్ 6న ఒజావా నాయకత్వంలోని మరొక జపాను దళం తూర్పు తీరం వెంబడి వాణిజ్య నౌకలను వేటాడింది. ర్యూజో అనే విమానవాహక నౌక నుండి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. జపాను విమానాలు భారత ప్రధాన భూభాగంపై బాంబులు వేయడం అదే మొదలు. విశాఖ రేవును కాపాడగల ఆధునిక యుద్ధవిమానాలు అక్కడ లేవు. దాడి చిన్నదే అయినా కలిగిన భయం పెద్దది. పట్టణ ప్రజలు లోపలి ఊళ్ళకు తరలిపోయారు. మద్రాసు ప్రభుత్వం కొద్దిరోజులలోనే తన కార్యాలయాలను తీరానికి దూరంగా ఉన్న జిల్లాలకు మార్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ ఏడాదే గుంటూరుకు తరలింది. శత్రువు ఎక్కడ ఉన్నాడో తెలియని స్థితిలో వదంతే వార్తగా చెలామణీ అయింది.

ట్రింకోమలీ

ఏప్రిల్ 9 ఉదయం ఏడు దాటిన కొద్ది నిమిషాలకు 272వ కేంద్రం వస్తున్న విమానాలను సుమారు 90 మైళ్ళ దూరంలోనే పసిగట్టింది. చైనా బే విమానాశ్రయం నుండి 261వ దళపు హరికేన్లు దాడికి ముందే ఆకాశానికి ఎగిరి, శత్రువును ఎత్తు నుండి ఎదుర్కొనగలిగాయి. సంఖ్యాబలం జపానుదే కనుక రేవుకు, విమానాశ్రయానికి నష్టం తప్పలేదు. అయినా కొలంబోలో వలె నేల మీద ఉండగా చిక్కుకోలేదు. ఆ రోజే బట్టికలోవా సమీపంలో హెర్మెస్ విమానవాహక నౌక మునిగి 307 మంది మరణించారు. ఒడ్డున ఉన్న రాడార్ దూరాన ఉన్న నౌకను కాపాడలేదు. సహాయానికి పంపిన విమానాలు ఆలస్యంగా చేరాయి.

తరువాతి కాలం

నగుమో దళం మళ్ళీ బంగాళాఖాతానికి రాలేదు. ఆ తరువాతి నెలలలో భారత తూర్పు తీరంలోనూ రాడార్ కేంద్రాల సంఖ్య పెరిగింది. 1942 డిసెంబరులో జపాను కలకత్తాపై రాత్రి దాడులు మొదలుపెట్టగా, విమానంలోనే రాడార్ అమర్చిన బ్యూఫైటర్లను అక్కడికి రప్పించారు. 1943 జనవరి 15 రాత్రి వాటిలో ఒకటి మూడు బాంబర్లను కూల్చింది.