షుగర్ రిపోర్టు బాగానే ఉంది, మరి కన్ను ఎందుకు దెబ్బతింటోంది?

"షుగర్ మా ఖాందాన్‌లోనే ఉంది. దాదీకి చూపు పోయింది, అబ్బాకు పోయింది, రేపు మాకూ తప్పదు." సిద్దిపేటలో షుగర్ ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ మాట వినిపిస్తుంది. దీనికి ఎదురు మాట కూడా ఉంది: "నా మూడు నెలల రిపోర్టు ఏడు లోపే వచ్చింది, ఇక కంటి డాక్టర్‌తో పనేంటి?" మొదటి మాటలో సగం నిజం ఉంది. రెండోది వినడానికి బాగుంటుంది కానీ ఎక్కువ నష్టం చేసేది అదే. ఎందుకో ఆఫ్రికా మూలాలున్న ప్రజల మీద జరిగిన జన్యు పరిశోధనల్లో ఈ మధ్య బయటపడింది. అది మనకూ పనికొచ్చే సంగతి.

ముందు జబ్బు గురించి. కంటి లోపల వెనక వైపు రెటీనా అనే పల్చటి పొర ఉంటుంది. మనం చూసే బొమ్మ పడేది దాని మీదే. దానికి రక్తం అందించే నాళాలు వెంట్రుక కన్నా సన్నవి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే వాటి గోడలు బలహీనపడి కారతాయి, కొన్ని మూసుకుపోతాయి. రక్తం అందని చోట కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. అవి నాసిరకం పైపుల్లాంటివి, ఎప్పుడు పగిలి కంట్లో రక్తం నిండుతుందో తెలియదు. దీన్నే డయాబెటిక్ రెటినోపతీ అంటారు. నొప్పి ఉండదు. మొదట్లో చూపు కూడా తగ్గదు. మసక మొదలయ్యేసరికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది. లేజర్, కంట్లో ఇచ్చే ఇంజెక్షన్ ఉన్న చూపును కాపాడటానికే ఎక్కువగా పనికొస్తాయి. పోయిన చూపు చాలాసార్లు తిరిగి రాదు.

ఐసీఎంఆర్ సర్వే లెక్క 2023లో వచ్చింది. దేశంలో 10 కోట్లకు పైగా జనానికి షుగర్ ఉందట. అందరికీ కన్ను దెబ్బతినదు. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉన్నా రెటీనా శుభ్రంగా ఉన్నవాళ్లు ఉన్నారు, ఆరేడేళ్లకే లేజర్ దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఈ తేడాలో కొంత వంశంలోంచి వచ్చేదే. ఒక ఇంట్లో ఒకరికి తీవ్రమైన రెటినోపతీ ఉంటే, షుగర్ ఉన్న తోబుట్టువులకూ ఆ ప్రమాదం ఎక్కువని కుటుంబాల మీద చేసిన పరిశోధనలు చెప్పాయి. కానీ "ఇదిగో కన్ను పోగొట్టే జీన్" అని వేలు పెట్టి చూపించగలిగేది ఒక్కటీ లేదు. చాలా జీన్లు తలా కొంచెం పని చేస్తాయి. కాబట్టి ఈ జబ్బు వస్తుందో రాదో ముందే చెప్పేస్తామని ఎవరైనా జీన్ టెస్టు అమ్మితే డబ్బు కట్టకండి.

దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాచా కూతురు, ఫూఫీ కొడుకు లాంటి సంబంధాలు మన ఇళ్లలో ఉన్నాయి, మేనరికం పేరుతో పక్కింటి హిందూ కుటుంబాల్లోనూ ఉన్నాయి. వీటివల్ల ప్రమాదం పెరిగేది రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటి జబ్బులకు. చిన్న వయసులో రేచీకటితో మొదలయ్యే ఆ జబ్బు చాలా కుటుంబాల్లో ఒకే జీన్ అమ్మ నుంచి, నాన్న నుంచి రెండు వైపులా రావడం వల్ల వస్తుంది. షుగర్ వల్ల కన్ను దెబ్బతినడం వేరే దారి. రెండింటినీ కలిపేసి "మాది దగ్గరి సంబంధం, అందుకే అమ్మీ చూపు పోయింది" అనుకుని ఊరుకోవద్దు.

ఇక ఆఫ్రికా విషయం. జన్యు పరిశోధనలు చాలాకాలం ఎక్కువగా యూరప్ మూలాలున్న వారి మీదే జరిగాయి. ఆఫ్రికా మూలాలున్న వారిని చేర్చినప్పుడు కొత్త సంగతి కనిపించింది. జీ6పీడీ అనే జీన్‌లో ఒక మార్పు ఉన్నవారికి ఎర్ర రక్తకణాలు మామూలు కన్నా ముందే చనిపోతాయి. మూడు నెలల టెస్టు, అంటే హెచ్‌బీఏ1సీ, కొలిచేది ఎర్ర కణాలకు అంటుకున్న చక్కెరను. మామూలు కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అది తొందరగా చనిపోతే చక్కెర అంటుకునే సమయమే ఉండదు. అసలు షుగర్ ఎక్కువున్నా రిపోర్టులో తక్కువ చూపిస్తుంది. ఆఫ్రికన్ అమెరికన్లలో ఈ మార్పు ఉన్న మగవారికి రిపోర్టు సుమారు 0.8 తక్కువ వస్తోందని 2017లో ఒక అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. 7 అని వచ్చిన చోట నిజానికి 7.8 దగ్గర ఉండాలి. అమెరికా మాజీ సైనికుల సమాచారం మీద 2024లో వచ్చిన మరో పరిశోధనలో, ఈ మార్పు ఉన్న నల్లజాతి మగవారికి రెటినోపతీ ప్రమాదం ఎక్కువని తేలింది. రిపోర్టు బాగుందని మందు పెంచరు, లోపల కన్ను పాడవుతూ ఉంటుంది.

ఇది మనకెందుకు? జీ6పీడీ లోపం మలేరియా ఉన్న ప్రాంతాల్లో తరతరాలుగా నిలిచిపోయిన లక్షణం. ఆ లోపం ఉన్నవారికి మలేరియా నుంచి కొంత రక్షణ దొరికింది, అందుకే అది పోలేదు. మలేరియా దోమ ద్వారా వస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. మన దేశంలోనూ ఈ లోపం ఉంది, మార్పులు మాత్రం ఆఫ్రికా వాటికి వేరు. ఆఫ్రికా మూలాలు కూడా మనకు దూరం కాదు. హైదరాబాద్ ఏసీ గార్డ్స్ పేరులో 'ఏ' అంటే ఆఫ్రికన్. నిజాం కాలపు ఆ అశ్వికదళం వారసులు ఈ రోజుకీ అక్కడ ఉన్నారు, ఉర్దూ మాట్లాడే ముస్లింలే. ఆఫ్రికా మూలాలున్న వారిలో కనబడిన అంకెలను యథాతథంగా మనకు అంటించలేం. కానీ రిపోర్టు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదన్నది ఎక్కడైనా ఒకటే.

జీ6పీడీ లోపం ఇళ్లలో తెలియకుండానే ఉండిపోతుంది. తల్లి నుంచి కొడుకులకు వస్తుంది కాబట్టి మగవారిలో ఎక్కువ. మలేరియా మాత్రలు వేసుకున్నప్పుడు మూత్రం నల్లగా వచ్చిందా? పుట్టిన బిడ్డకు కామెర్లు ఎక్కువై లైటు కింద పెట్టారా? గల్ఫ్‌లో ఉన్న భాయికి ఫూల్ తిన్నాక ఒళ్లు పచ్చబడిందా? ఇలాంటివి ఉంటే డాక్టర్‌కు చెప్పండి, రక్తపరీక్షతో తెలుస్తుంది. (ఫూల్‌లో వేసే గింజ వేరు, మన చిక్కుడు వేరు. చిక్కుడుకాయ కూర మానేయనక్కర్లేదు.) తలసేమియా, సికిల్ సెల్, రక్తహీనత ఉన్నా మూడు నెలల రిపోర్టు తప్పుదారి పట్టించవచ్చు. అలాంటప్పుడు పరగడుపున, తిన్నాక చేసే షుగర్ పరీక్షలను కలిపి చూడాలి. ఇంట్లో గ్లూకోమీటర్ 200 పైన చూపిస్తుంటే, ల్యాబ్ రిపోర్టు మాత్రం 6.5 అంటుంటే, ఆ రెండు కాగితాలూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

కంటి పరీక్ష మాత్రం ఏ అంకెతోనూ సంబంధం లేకుండా జరగాలి. టైప్ 2 షుగర్ బయటపడిన రోజే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి. గర్భిణికి ముందు నుంచే షుగర్ ఉంటే మొదటి నెలల్లోనే. 2018లో మొదలైన కంటి వెలుగు క్యాంపుల్లో కళ్లద్దాలు తెచ్చుకున్నాం కదా అంటారు కొందరు. అద్దాల నంబర్ చూడటం వేరు, రెటీనా చూడటం వేరు. చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి చూడాలి, లేదా రెటీనా ఫొటో తీయాలి. సిద్దిపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి కంటి విభాగంలో ముందు అడగండి. లేజర్, ఇంజెక్షన్ అవసరమై పై ఆసుపత్రికి పంపితే హైదరాబాద్ మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది.

బీపీ చీటీ కూడా వెంట తీసుకెళ్లండి, బీపీ పెరిగితే ఈ సన్న నాళాలే ముందు దెబ్బతింటాయి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపకూడదు. అబ్బాను తీసుకెళ్తే తోడు ఒకరు వెళ్లండి. షుగర్ ఉంటే అమ్మీనీ అదే రోజు చూపించండి, రెండోసారి ప్రయాణం తప్పుతుంది.