లారీ గేరుబాక్సు నుండి నూనె కారుచున్నదా?

శంకర్‌పల్లి, చేవెళ్ళ ప్రాంతముల కూరగాయలు తెల్లవారునప్పటికి గచ్చిబౌలి, మాదాపూరు, కూకట్‌పల్లి చేరవలెను. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఈ వైపున జనము పెరిగినది. 1999లో ఏర్పడిన రైతు బజారులతో, రైతు తన సరుకును తానే అమ్ముకొను వీలు కలిగినది. కనుక చిన్న లారీ నేడు నాగలి వలె సేద్యపు పనిముట్టే. అది దారిలో నిలిచిపోయినచో ఆకుకూర మధ్యాహ్నమునకే వాడిపోవును.

ఉదయము బండి క్రింద నూనె చుక్కలు కనబడగానే "సీలు పోయినది" అని గేరుబాక్సు విప్పించుట పొరపాటు. చుక్క పడు చోటు వేరు, నూనె కారు చోటు వేరు. పైన కారిన నూనె క్రిందికి దిగును. బండి నడచునప్పుడు గాలి విసురునకు వెనుకకు ప్రాకును. అందుచేత చుక్క పడిన చోటి నుండి పైకి, ముందుకు వెదకవలెను.

మొదట అది ఏ నూనెయో తెలిసికొనవలెను. రాత్రి బండి క్రింద అట్టముక్క పరచి ఉదయము చూడవలెను. ఇంజను నూనె వాడుకొలది నల్లబడును. గేరు నూనె చిక్కగా నుండి, సాధారణముగా గంధకపు ఘాటు వాసన కలిగియుండును. పలుచని బ్రేకు నూనె కారుచున్నచో బండిని కదపనే రాదు.

పిమ్మట బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టవలెను. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి క్రింద ఎన్నడును దూరరాదు. గేరుబాక్సు చల్లారిన తరువాత కిరోసిన్ గుడ్డతో శుభ్రముగా తుడిచి, ఆరనిచ్చి, సుద్దపొడి అద్దవలెను. పది కిలోమీటర్లు నడిపి, తిరిగి చల్లారనిచ్చి చూచినచో సుద్ద ఎక్కడ ముందుగా తడిసినదో తెలియును. మూలము అదే.

తడి కనబడు చోట్లు ఇవి:

1. నూనె పోయు బిరడా, దింపు బిరడా: బిగువును, వాషరును చూడవలెను.
2. మూతల అంచులు: బోల్టులు వదులైనవేమో, ప్యాకింగు చెడినదేమో చూడవలెను.
3. వెనుక షాఫ్టు బయటకు వచ్చు చోటు: వెనుక సీలు.
4. క్లచ్చి హౌసింగు అడుగు: ఇచ్చట ఇంజను నూనె గాని గేరు నూనె గాని కారవచ్చును. రంగు, వాసన చూడకుండ విప్పించరాదు.

సీలు మార్చుటకు ముందు మరియొకటి చూడవలెను. గేరుబాక్సు పైన గాలి పోవుటకు చిన్న రంధ్రము లేక గొట్టము ఉండును. బండి నడచి వేడెక్కగా లోపలి గాలి వ్యాకోచించి దాని ద్వారా బయటకు పోవును. బురదతో అది మూసికొనిపోయినచో గాలి ఒత్తిడి నూనెను సీలు ప్రక్కనుండి నెట్టును. అప్పుడు క్రొత్త సీలు వేసినను మరల కారును. కాసింత బురద తీయుటతో పోవు పనికి వందల రూపాయలు వ్యర్థమగును. నూనె అవసరమునకు మించి పోసినను ఇట్లే కారును.

కారుట స్వల్పమేయని ఉపేక్షింపరాదు. నూనె తగ్గినచో గేరుపండ్లు అరిగి, బేరింగులు కాలిపోవును. బండి పుస్తకములో చెప్పిన రకము నూనెనే, చెప్పిన మట్టమునకు పోయవలెను. దింపిన నూనెను కాలువలో గాని పొలములో గాని పారబోయరాదు.

విస్తరణాధికారులు, పంచాయతీ కార్యదర్శులు వాహనముగల రైతులను చేర్చి ఈ పరీక్షను ఒకసారి చేసి చూపినచో ఎంతో మేలు కలుగును. మూలము తెలిసిన తరువాతనే మరమ్మతు!