ఉబుసుపోక తినెడి తిండి

మధ్యాహ్నభోజనమైన రెండు గంటలకే, తిన్న యన్నమింకను జీర్ణము కాకమునుపే, చేయి తనంత తానుగా జంతికల డబ్బావైపు సాగుట మన గృహములలో నిత్యము కనబడెడి విషయమే. దీనిని కొందఱు జిహ్వచాపల్యమందురు. కొందఱు మనోనిగ్రహము లేమియని నిందింతురు. ఈ రెండు నిర్ణయములును నాకు సమ్మతములు కావు. ఏలయన, ఇట్లు తినువాడు పెక్కుమాఱులు రుచిని గమనింపనే గమనింపడు. పండుగనాడు పిండివంటను తునకతునకగా ఆస్వాదించిన మనుజుడే, తోచని మధ్యాహ్నమున దానినే గుప్పెళ్లతో తిని, డబ్బా యడుగు కనబడిన పిదపగాని తాను తిన్న సంగతి నెఱుగడు.

నిజమైన ఆకలి శరీరధర్మము. ఉదరము రిక్తమగుకొలదిని అందుండి గ్రెలిన్ అను హార్మోను అధికముగా వెలువడి, రక్తప్రవాహమున మెదడును చేరి, ఆహారాపేక్షను మేల్కొల్పును. జపాను శాస్త్రజ్ఞులైన కొజిమా, కంగావాలును వారి సహచరులును దీని యునికిని 1999లో వెల్లడించిరి. ఇట్టి ఆకలి మెల్లమెల్లగా పెరుగును, దొరకినదానితో శాంతించును. ఆకలి రుచి యెఱుగదన్న సామెత ఈ విషయమున చక్కని పరీక్షగా పనికివచ్చును: చల్లయన్నపు ముద్ద పెట్టెదమన్నచో సంతోషముగా చేయి చాచునది ఆకలి, అది వలదు, కారప్పూసయే కావలయునని పట్టుపట్టునది మఱియొకటి. అయితే, ప్రతిదినమును నాలుగు గంటలకే ఏదో యొకటి నములుచు వచ్చినవానికి ఆ వేళ సమీపింపగనే గ్రెలిన్ పెరుగుటయు కలదు గనుక, విసుగుతో మొదలైన తిండి పోను పోను ఆకలి రూపము దాల్చుననియు గ్రహింపవలెను. మధుమేహమునకు ఇన్సులిన్ పుచ్చుకొనువారికి ఆకలితోపాటు చెమటయు వణకును కలిగినచో అది రక్తములో చక్కెర పడిపోవుచున్న సూచన. వారికీ పరీక్ష వర్తింపదు, తత్క్షణమే తీపి పుచ్చుకొనవలెను.

ఆ మఱియొకటి యేమి? నెదర్లాండ్సు దేశపు మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయమున హావర్మాన్స్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 2015లో ప్రకటించిన ప్రయోగము దీనికి సమాధానము చెప్పుచున్నది. ఒక చిత్రమును గంటసేపు చూచినవారికంటె, ఒకటిన్నర నిమిషమునకు మించని తునకనే గంటసేపు మరల మరల చూచినవారు, ప్రక్కనుంచిన చాక్లెట్ బిళ్లలను ఎక్కువగా తినిరి. ఇందు వింత లేదు. కాని చాక్లెట్లకు మాఱుగా, దేహమునకు స్వల్పముగా విద్యుదాఘాతము కలిగించు సాధనమును అందుబాటులో నుంచినపుడు గూడ, విసిగినవారే దానిని హెచ్చుగా ప్రయోగించుకొనిరి! ఏమియు జరుగకుండుటకంటె నొప్పియే మేలని యెంచెడి మనస్సు రుచికొఱకు తపించుచున్నదని యెట్లనగలము? అది కోరునది మార్పు.

ఇది తెలిసిన పిమ్మట చికిత్సాక్రమము మారును. చరకసంహిత విమానస్థానమున ఆహారవిధిని నిరూపించుచో, మునుపు తిన్నది జీర్ణమైన పిదపనే భుజింపవలెననియు, భుజించునపుడు మాటలును నవ్వులును మాని ఆహారమునందే మనస్సు నిలుపవలెననియు విధింపబడినది. ఈ రెండవ విధి కేవలము మర్యాదకై యేర్పడినదని మనము తలంతుము. కాని 1998లో అమెరికాలో పాల్ రోజిన్ ప్రభృతులు ప్రకటించిన పరిశీలనలో, మెదడు దెబ్బతిని, జరిగినది నిమిషములలో మఱచిపోవు ఇద్దఱు రోగులు, భోజనము ముగిసిన 10 మొదలు 30 నిమిషములలో మరల పళ్లెము పెట్టగా, రెండవ భోజనమును గూడ తినిరి. కడుపు నిండినదను తృప్తిలో జ్ఞాపకమునకును భాగము కలదన్నమాట. టెలివిజనుపై దృష్టి నిలిపి, ఏ కూర తింటిమో యెఱుగక ముగించిన భోజనము మనస్సును చేరదు గనుక, రెండు గంటలకే ఆ మనస్సు తనకేమియు అందలేదని తలంచుట సహజము. ఉబుసుపోని తిండికి చికిత్స అంతకు ముందటి భోజనమునందే ఆరంభింపవలెనని నా నిశ్చయము.

మన పాత చిరుతిండ్లలో అనేకములకు శ్రమ జోడింపబడి యుండెను. వేరుసెనగకాయను ఒలిచి, పొట్టు నలిపి ఊదవలెను. తేగను చీల్చి, పీచు తీసి, కొద్దికొద్దిగా కొఱుకవలెను. రేగిపండు గింజ నుమియవలెను. ఈ యాలస్యమువలన చేతులకు పనియు మనస్సునకు కొంత మార్పును లభించి, తిన్నది స్వల్పమై యుండెడిది. నేటి పొట్లమో, చింపినంతనే నోటికందును. గ్రాము క్రొవ్వు 9 కెలోరీల శక్తినిచ్చును గనుక, నూనెలో వేగిన పదార్థము 100 గ్రాములు తిన్నచో సుమారు 500 కెలోరీలు, అనగా ఒక చిన్న భోజనమంత, చేరిపోవును. కావున పొట్లములకు బదులు ఒలువవలసిన కాయలను ఇంట నుంచుటయు, డబ్బాను కంటికి దూరముగా పెట్టుటయు, తినదలచినదానిని పళ్లెములో వేసికొని కూర్చుండి తినుటయు మంచి యుపాయములు.

ఇక ఖాళీ వేళ మాట. సెల్‌ఫోను దానిని నింపజాలదు. అది కన్నులకు పని కల్పించి, ఒక చేతిని మాత్రము వదలిపెట్టును, ఆ చేయి తిండిని వెదకును. మల్లెలు మాల కట్టుట, చిక్కుడుకాయలకు ఈనెలు తీయుట, వీధి చివఱవఱకు నడచివచ్చుట వంటి పనులలో చేతులను, కాళ్లను నియోగించినవారికి ఆ కోరిక కొద్దిసేపటిలోనే చల్లారుట నేను పలువురియందు చూచితిని.

కాని బిడ్డలు దూరదేశములకు వెళ్లగా ఇంట నొంటిగా మిగిలిన వృద్ధులకు ఇవి చాలవు. వారి విసుగునకు మూలము పలుకరించువారు లేకపోవుట. రక్తములో చక్కెర పెరిగినదని వైద్యుడు చెప్పినంతనే ఫోనులో కోపపడి, డబ్బాలన్నియు ఖాళీ చేయింపుమని పనిమనిషి కాజ్ఞాపించు కుమారులను, కుమార్తెలను నేనెఱుగుదును. వారి ప్రేమ శంకింపదగినది కాదు. అయినను అదే ఫోనును తల్లికి తోచని వేళకు చేసి, మందుల ప్రశ్నలు కొంతసేపు మాని, ఊరి సంగతులడిగి, ఆమె చెప్పునది తుదివఱకు వినినచో, డబ్బా తెఱచు ప్రసక్తియే రాకపోవుటయే కాక, రాత్రి భోజనమునకు ఆకలియు కలుగును.