పాత నేరం, కొత్త కేసు
దొంగతనం కేసులో ముద్దాయికి ఇదివరకే జైలు చరిత్ర ఉంటే, దాన్ని నేర నిరూపణకు వాడవచ్చా? భారతీయ సాక్ష్య అధినియమం 49వ సెక్షన్ సాధారణంగా కూడదంటుంది. దానికి ముందున్న 1872 నాటి సాక్ష్య చట్టమూ 1891 సవరణ తర్వాత ఇదే చెప్పింది. ముద్దాయే తన మంచి నడవడికి సాక్ష్యం తెస్తే మాత్రం ప్రాసిక్యూషన్ బదులివ్వవచ్చు. అలవాటుపడ్డ చెయ్యి ఊరుకుంటుందా అని చాలామంది అభ్యంతరం. కానీ చోరీ జరగగానే అనుమానం ముందు వాలేది పాత నేరస్థుల మీదే. ఆ రికార్డుతో పట్టుకున్నవాణ్ణి మళ్లీ ఆ రికార్డుతోనే దోషి అంటే, ఒకే అనుమానాన్ని రెండుసార్లు లెక్కగట్టినట్టు. అసలు దొంగ బయటే ఉండిపోవచ్చు.

ఇలా నడవడిని సాక్ష్యంగా వాడే విషయంలో ఘోరంగా నలిగింది అత్యాచార బాధితులు. బాధితురాలి నడవడి మంచిది కాదని నిందితుడు వాదించే వీలు 2002 చివరిదాకా చట్టంలోనే ఉండేది. సమ్మతి తేల్చడానికి ఆమె గత లైంగిక అనుభవం పనికిరాదని 2013 సవరణ స్పష్టం చేసింది. ఇప్పుడది కొత్త అధినియమంలో 48వ సెక్షన్.