మన ఇంటిలో ఎవరు ఏమి చూచుచున్నారు?



ఇటీవల పుత్తూరు దాపున ఒక పల్లెలో కుటుంబ ప్రార్థనకు వెళ్లితిమి. టీవీ ఆగియుండుట చూచి సంతోషించితిమి. అయితే తండ్రి వరండాలో, తల్లి వంటింటిలో, బిడ్డలిద్దరు చెరొక మూలను ఎవరి ఫోను వారు చూచుచుండిరి. "ఏం చూస్తా ఉండావు నాయనా?" అని కుమారుని అడిగితిమి. అతడు ఫోనును బోర్లించెను. తండ్రికిని తెలియదు.

1995లో జెమిని, ఈటీవీ ఛానళ్లు ప్రారంభమైన తరువాత, సీరియళ్ల వలన ప్రార్థనవేళ తప్పుచున్నదని కాపరులు బాధపడెడివారు. అయినను అప్పుడు ఇంటికి ఒకే టీవీ. చెడ్డ దృశ్యము వచ్చిన తండ్రి లేచి ఆపెడివాడు.

నేడు ఇంటర్నెట్ ద్వారా ఫోనులోనికే కార్యక్రమములు పంపు ఓటీటీ సంస్థలు వచ్చినవి. 2013లో అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' ధారావాహికను తన వద్దనే విడుదల చేసి టీవీకి పోటీగా నిలిచెను. తెలుగులో 2020లో 'ఆహా' మొదలైనది. వేరెక్కడను దొరకని కార్యక్రమమున్నప్పుడే జనులు చందా కట్టుదురు. అందుచేత 2021లో బాలకృష్ణ గారి 'అన్‌స్టాపబుల్', 2022లో 'తెలుగు ఇండియన్ ఐడల్' వచ్చినవి. ఈటీవీ వారును 'ఈటీవీ విన్' పెట్టి, 2024లో ఒక మధ్యతరగతి ఇంటి కథను '90స్' పేరుతో చూపిరి.

అన్నియు చెడ్డవని మేము చెప్పము. అటువంటి ఇంటి కథను కలిసి చూడవచ్చును. కాని 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో 'రానా నాయుడు' వచ్చినప్పుడు, వెంకటేష్ గారున్నారు గనుక కుటుంబ కథయే అనుకొన్నవారు అందలి బూతులకు నొచ్చుకొనిరి.

సినిమాకు సెన్సారు ఉన్నది. వీటికి ముందుగా ఆ పరీక్ష లేదు. 2021 నాటి ప్రభుత్వ నిబంధనల ప్రకారము సంస్థలే 7, 13, 16 ఏండ్లు, పెద్దలకు మాత్రమే అని గుర్తు వేయవలెను. 13 ఏండ్లు మొదలు పై తరగతులకు తల్లిదండ్రులు తాళము వేయు సౌకర్యమును ఇయ్యవలెను. తాళము వారిచ్చెదరు, వేయవలసినవారము మనమే. ఆ రహస్య సంఖ్యను బిడ్డల చేతికి ఇయ్యకుడి. అంతకంటె ముఖ్యముగా, బిడ్డల ప్రక్కన కూర్చుండుడి.

విరిగిన ఎముకకు కట్టు కట్టించుకొనుటకు ఎక్కడెక్కడి నుండియో మన పుత్తూరుకు వచ్చెదరు. విడిపోయిన కొనలను చేర్చనిదే ఏ కట్టును పనిచేయదు. ఇల్లును అంతే.

ఆ రాత్రి ఫోనులన్నియు ఒకచోట పెట్టించి ప్రార్థించితిమి. ముగిసిన పిమ్మట తండ్రి కుమారుని ప్రక్కన చేరి, "ఏదీ, నేనూ చూస్తా" అనెను. పిల్లవాడు కొంత తటపటాయించి ఫోను ఆయన వైపు త్రిప్పెను.