ఎడారి దుమ్మే అడవికి ఎరువు!

ఎండాకాలం సుడిగాలి లేచి కళ్లల్లో దుమ్ము కొడితే విసుక్కోని రైతు వుండడు. అలాంటి దుమ్మే మహాసముద్రం దాటి మరో ఖండంలోని అడవికి ఎరువవుతోందంటే నమ్మడం కష్టం. కాని అది నిజం.

ఆఫ్రికాలోని చాద్ దేశంలో, సహారా ఎడారి దక్షిణపు అంచున బొడెలె అనే పల్లపు ప్రాంతం వుంది. వేల ఏళ్ల కిందట అది ఓ పెద్ద సరస్సు అడుగు. నీరు ఎండిపోగా అందులో బతికిన నాచు జీవుల గుల్లలు తెల్లని పొడిగా మిగిలాయి. రెండు కొండల నడుమ సందులోంచి దూసుకొచ్చే గాలి ఆ పొడిని లేపుతుంది. బరువైన ఇసుక దగ్గరలోనే రాలిపోతుంది. పిండిలాంటి మెత్తని దుమ్ము మాత్రం పైకి లేచి, తూర్పు నుంచి పడమరకు నిలకడగా వీచే గాలుల్లో కలిసి, రోజుల తరబడి సాగి, అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా చేరుతుంది. అక్కడ వాన దాన్ని నేలకు దించుతుంది.

ఉపగ్రహం పంపిన వివరాలతో నాసా శాస్త్రజ్ఞులు 2015లో దీనికి లెక్క కట్టారు. సహారా నుంచి ఏటా సగటున 18.2 కోట్ల టన్నుల దుమ్ము సముద్రం మీదికి బయలుదేరుతుంది. అందులో సుమారు 2.77 కోట్ల టన్నులు అమెజాన్ ప్రాంతంలో పడుతుంది. దానితోపాటు అందే భాస్వరం 22 వేల టన్నులని అంచనా. వానలకు, వరదలకు అమెజాన్ నేల ఏటా పోగొట్టుకునే భాస్వరమూ దాదాపు అంతే!

అయితే గాలి మంచినే మోయదు. అక్టోబరు, నవంబరు నెలల్లో పంజాబ్, హర్యానాల్లో వరి కొయ్యకాళ్లు కాల్చిన పొగను వాయవ్య గాలులు ఢిల్లీకి చేరుస్తాయి. చల్లబడిన గాలి పైకి లేవక, ఆ పొగ జనం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1999లో పలు దేశాల శాస్త్రజ్ఞులు హిందూ మహాసముద్రం మీద పరిశీలనలు జరిపినప్పుడు, చలికాలపు ఈశాన్య గాలులు మోసుకుపోయిన పొగ, మసి భూమధ్యరేఖ దాకా పరుచుకుని కనిపించాయి.

తెలుగునాట కోతలయ్యాక నిప్పు పెట్టే వరి పొలాలకూ ఇదే వర్తిస్తుంది. పొగ పొలిమేర దగ్గర ఆగదు. గడ్డి కాలితే అందులోని నత్రజని దాదాపు అంతా, భాస్వరం, పొటాష్‌లలో కొంత గాలిపాలవుతాయి. కొయ్యకాళ్లపై సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీరు పెట్టి కలియదున్నితే త్వరగా చివికి నేలకే బలమిస్తాయని వ్యవసాయాధికారులు సలహా ఇస్తున్నారు.

అమెజాన్ అడవికి గాలి ఎరువు తెచ్చి ఇస్తోంది. అగ్గిపుల్ల గీసిన రైతు తన ఎరువును గాలికి ఇచ్చేస్తున్నాడు.