ముందు టీకా, వెనుక టీకా

1960లో చిత్తూరు జిల్లా నుంచి విడదీసి మద్రాసు రాష్ట్రంలో కలిపిన తిరుత్తణి, దాని పొరుగున ఉన్న తిరువళ్ళూరు అప్పట్లో చెంగల్పట్టు జిల్లాలోనివి. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాను భారత వైద్య పరిశోధన మండలి 1968-71 మధ్య ఆ జిల్లాలోని తిరువళ్ళూరు ప్రాంతంలో పరీక్షించి, సుమారు 2.8 లక్షల మందికి టీకానో, మందు లేని ఉత్త సూదినో వేయించింది. పాల్గొన్నవారి చర్మంలోకి రెండు పరీక్ష మందులు కూడా ఎక్కించి, తర్వాత ఆ చోట కట్టిన గట్టిదనాన్ని మిల్లీమీటర్లలో కొలిచారు. ఒకటి క్షయ క్రిమి సోకిందేమో చెబితే, రెండవది మట్టిలో, నీటిలో బతికే దాని దాయాది క్రిములు సోకాయేమో చెబుతుంది.

పదిహేనేళ్ళు గమనించినా పెద్దలలో ఊపిరితిత్తుల క్షయ నుంచి ఆ టీకా రక్షణ ఇవ్వలేదనీ, పిల్లలలో కనిపించినది స్వల్పమేననీ తేలింది. దాయాది క్రిములతో ముందే పరిచయమైన శరీరానికి టీకా కొత్తగా నేర్పేది తక్కువన్న వివరణ బలమైనదే గాని, అదొక్కటే కారణమని తేల్చి చెప్పడానికి లేదు. పసిపిల్లలలో మెదడు పొరల క్షయ వంటి తీవ్ర రూపాలను అడ్డుకుంటుంది కనుక బీసీజీని పుట్టగానే వేయడం మాత్రం కొనసాగుతోంది.

బీసీజీలా బతికి ఉన్న, బలహీనపరచిన క్రిమితో చేసిన టీకా శరీరంలో కొంత వృద్ధి చెందితేనే పనిచేస్తుంది. క్రిమిని పట్టి నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలు అప్పటికే ఉంటే దానికి ఆ అవకాశం దక్కదు. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు తగ్గేవరకు, అంటే తొమ్మిదవ నెల వరకు, తట్టు టీకాకు ఆగడం ఇందుకే. చంపిన క్రిమితో చేసిన టీకాకు వృద్ధితో పనిలేదు. పాత టీకాను గుర్తుంచుకున్న కణాలను, అంటే స్మృతి కణాలను, అది తట్టిలేపగలదు.

దీనికి చక్కని ఉదాహరణ తిరుత్తణికి దూరం కాని వేలూరులోనే దొరికింది. బతికి ఉన్న వైరస్‌తో చేసిన పోలియో చుక్కలు ఐదు సార్లకు తక్కువ కాకుండా వేసుకున్న, ఒకటి నుంచి నాలుగేళ్ళ వయసు పిల్లలలో కొందరికి అక్కడి పరిశోధకులు చంపిన వైరస్‌తో చేసిన పోలియో సూది టీకా ఇచ్చి, నెల తర్వాత అందరికీ మళ్ళీ చుక్కలు వేసి మలాన్ని పరీక్షించారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం, సూది పడని పిల్లలలో 26 శాతం మంది మూడవ రకం పోలియో వైరస్‌ను విసర్జించగా, సూది పడినవారిలో అది 8 శాతమే; మొదటి రకంలో ఆ సంఖ్యలు 19, 12 శాతాలు. చుక్కలు పేగులలో నేర్పిన పాఠాన్ని సూది మళ్ళీ గుర్తుచేసిందన్నమాట. చుక్కలు ఎన్నడూ పడని బిడ్డకు అదే సూది వేస్తే రక్తంలో ప్రతిరక్షకాలు పెరిగి పక్షవాతం తప్పుతుంది గాని, పేగులలో రక్షణ పెద్దగా ఏర్పడదు. జాతీయ టీకాల పట్టికలో చుక్కలూ సూదీ రెండూ పక్కపక్కనే ఉన్నాయి.